వెంకటరాముణ్ణి పెళ్ళికి పిలిచిన రోజు

కుందుర్పికి నాలుగు మైళ్ళ అవతల ఉన్న ఆ ఊళ్ళో యువజన సంఘం అంటే ఆరుగురు కుర్రాళ్ళు, ఒక ఫ్లెక్సీ, వినాయక చవితికి అద్దెకు తెచ్చే స్పీకర్లు. ఈ సంఘం వల్ల ఊరికి ఏం ఒరిగిందని అడిగితే పెద్దలు పెదవి విరుస్తారు గానీ, ఎవరింట్లో చావు జరిగినా గుంత తవ్వేదీ, ఎవరింట్లో పెళ్ళి జరిగినా పందిరి గుంజలు మోసేదీ వీళ్ళే. ఆషాఢంలో వీళ్ళకు ఏ పనీ లేకపోయింది. వేరుశనగ విత్తుదామంటే వాన లేదు. పొద్దున్నే మబ్బు పట్టడం, మధ్యాహ్నానికి గాలి వచ్చి దాన్ని తోసుకుపోవడం. ఆ గాలిని ఏమీ అనలేని తండ్రులు ఇంట్లో ఉన్న కొడుకుల మీద పడుతున్నారు. అలాంటి రోజుల్లో తేజ అనే కుర్రవాడు ఫోన్లో ఒక వీడియో చూపించాడు. నల్లటి రోడ్డు, ఒక పక్క సముద్రం, ఇంకో పక్క నది. కర్ణాటక తీరంలో మరవంతె అనే చోట అట. రెండు పక్కలా అన్ని నీళ్ళు ఒక్కసారి చూసేసరికి సంఘానికి మతి పోయింది. అక్కడికి పోవలసిందేనని ఆ పూటే తీర్మానం చేశారు.

బండి కోసం ఓబుళేసు దగ్గరికి వెళ్ళారు. ఓబుళేసుకు ముప్పై దాటాయి. పాత క్రూజర్ బండి ఒకటి నడుపుతాడు. పొద్దున్నే కూలి ఆడవాళ్ళను దానిమ్మ తోటల దగ్గర దింపుతాడు, సాయంత్రం తీసుకొస్తాడు, పెళ్ళిళ్ళ కాలంలో పెళ్ళివాళ్ళను మోస్తాడు. దూరప్రయాణాలకు మాత్రం ససేమిరా అంటాడు. తిరుపతికి రమ్మన్నా సరే, ఇంజను వేడెక్కుతుందంటాడు, టైర్లు అరిగాయంటాడు, అవేవీ పనిచేయకపోతే నడుము పట్టుకుని కూర్చుంటాడు. సంఘానికి నాయకుడు అభిలాష్. కళ్యాణదుర్గంలో సెల్‌ఫోన్ల అంగట్లో పనిచేస్తాడు, ఎవరినైనా మాటల్తో పడగొట్టగలనని అతనికి నమ్మకం. ఓబుళేసును ఎలా ఒప్పించాలో దారంతా ఆలోచించుకుని వచ్చాడు. తీరా నోరు తెరిచి "హొన్నావర, భట్కళ తట్టు" అన్నాడో లేదో, ఓబుళేసు చేతిలోని స్పానర్ కింద పెట్టి లేచి నిలబడ్డాడు.

"ఎప్పుడు పోదాం?" అన్నాడు.

కుర్రాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అంత సులువుగా ఒప్పుకోవడం అభిలాష్‌కు కొంచెం చప్పగా కూడా అనిపించింది. దారిలో ఒక చోట తనకు చిన్న పని ఉందనీ, కాసేపు ఆగాలనీ మాత్రం ఓబుళేసు చెప్పాడు. కాసేపే కదా అని వాళ్ళు సరేనన్నారు.

ఆ రోడ్డు ఓబుళేసుకు కొత్త కాదు. కొండ అంచులను కోసి దాన్ని నాలుగు వరసలుగా వెడల్పు చేస్తున్న రోజుల్లో అతను అక్కడ కంకర మోశాడు. అతని అన్న వెంకటరాముడు కూడా మోశాడు. ఓబుళేసు తిరిగి ఇంటికి వచ్చాడు. వెంకటరాముడు రాలేదు.

తండ్రి మొహం ఓబుళేసుకు గుర్తు లేదు. తను అంబాడే వయసులోనే ఆయన పోయాడు. అప్పటికి మీసాలైనా రాని వెంకటరాముడే ఇంటికి మగదిక్కయ్యాడు. తమ్ముణ్ణి బడికి పంపిందీ, బడి ఎగ్గొట్టి చింతచెట్టెక్కితే చింతబరికెతోనే దింపిందీ అతనే. ఉన్న మెట్టపొలంలో బోర్లు వేయించాడు, ప్రతి బోరులోనూ దుమ్మే వచ్చింది. ఆ దుమ్ము ఒంటి మీద పడుతున్నా మాట్లాడకుండా నిలబడేవాడు. కష్టం గురించి నోరు విప్పే మనిషి కాదు. కాకపోతే అతనికి ఒక పట్టింపు ఉండేది, ఊరంతా దాన్ని చెప్పుకుని నవ్వుకునేది. పెళ్ళి పిలుపు విషయంలో అతను మహా రోషగాడు. పిలిచేవాళ్ళు ఇంటికి రావాలి, ఎదురుగా నిలబడాలి, కుంకుమ పెట్టాలి, తాంబూలం చేతికి ఇవ్వాలి. ఇందులో ఏది తగ్గినా వెళ్ళేవాడు కాదు.

ఒకసారి సొంత మేనమామ, కొడుకు పెళ్ళికి తీరిక లేక ఆటో డ్రైవరు చేతికి పత్రిక ఇచ్చి పంపాడు. పెళ్ళి పక్క వీధిలోనే. వెంకటరాముడు తెల్లారే స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని, అరుగు మీద కూర్చున్నాడు. మేళాలు వింటూ పొద్దుగుంకేదాకా అక్కడే కూర్చున్నాడు గానీ కాలు కదపలేదు. భార్య నారాయణమ్మ వెళ్ళి అక్షింతలు వేసి, గిన్నెలో పాయసం తెచ్చి ముందు పెడితే ముట్టలేదు. మర్నాడు మేనమామ మండిపడుతూ వచ్చాడు. "నాకేం కోపం లేదు మామా, నన్ను పిలిచినట్ల నాకు తెలీదు, అంతే" అన్నాడట వెంకటరాముడు. ఆ ముసలాయన తలపాగా తీసి చంకలో పెట్టుకుని నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

వేరుశనగ రెండుసార్లు విత్తి రెండుసార్లూ ఎండిపోయిన ఏడు, ఒక మేస్త్రీ లారీ నిండా మనుషులను ఎక్కించుకుని ఆ కోస్తా రోడ్డు పనికి తీసుకుపోయాడు. ఇంటర్ తప్పి ఖాళీగా ఉన్న తమ్ముణ్ణి కూడా వెంకటరాముడు వెంటబెట్టుకుపోయాడు. రేకుల షెడ్లలో కాపురం. వానాకాలం మొదలైన కొత్తలో మనవాళ్ళంతా పని ఆపేసి వానలో నిలబడి నవ్వారు. పది రోజులకు ఆ వానంటే అసహ్యం పుట్టింది. బట్టలు ఆరవు, బియ్యం ముక్కిపోతాయి, కాలివేళ్ళ సందులు పాచిపోతాయి. వెంకటరాముడికి మాత్రం విసుగు రాలేదు. పని అయ్యాక షెడ్డు వాకిట్లో కూర్చుని ఎదురుగా ఉన్న గుట్టను చూసేవాడు. దీంట్లో ఎవరూ విత్తలేదు, ఎవరూ ఒక్క బిందె నీళ్ళు పోయలేదు, అయినా ఎట్ల మొలిచిందో చూడరా అని తమ్ముడికి చూపించేవాడు. ఆ మాట అన్నప్పుడు అతని గొంతులో సంతోషం కంటే ఉక్రోషమే ఎక్కువ వినపడేది.

ఆ వానల్లోనే ఒక పొద్దున, రోడ్డు కింద నీళ్ళు పోయే మోరీ పక్కన రాళ్ళు పేరుస్తుండగా పైనుంచి మట్టి జారింది. మిగిలినవాళ్ళు పక్కకు దూకారు. వెంకటరాముడు దాని కింద పడ్డాడు. తవ్వి తీసేసరికి ప్రాణం లేదు. ఇంటికి తీసుకుపోదామంటే ఘాట్ రోడ్లన్నీ చెట్లు పడి మూసుకుపోయాయి. బండి రావడానికి రెండు మూడు రోజులు పడుతుందన్నారు. ఆ తేమలో శవం అన్నాళ్ళు ఆగదు. వెంట పనికి వచ్చిన ఊరివాళ్ళు నలుగురూ కలిసి రోడ్డుకు ఎగువన గుట్ట వాలులో గుంత తీశారు. వాళ్ళలో పూడ్చడమే ఆచారం. ఓబుళేసు ఒక్కడూ సాయంత్రం దాకా రాళ్ళు మోసి, సమాధి మీద నడుమెత్తు కుప్ప పేర్చి, దాని మీద ఒక పొడుగు రాయి నిలబెట్టాడు.

అనంతపురం నేలలో పుట్టినవాడు ఎవడైనా అదే చేస్తాడు. ఇక్కడ పొలం గట్టు మీద, గుట్ట వాలులో ఎన్ని రాళ్ళ కుప్పలు లేవు! ఎవరు పెట్టారో తెలియదు, ఎప్పుడు పెట్టారో తెలియదు, పెట్టిన చోటే ఉన్నాయి. వాటి మీద ఏదీ మొలవదు, వాటిని ఏ నీళ్ళూ ఈడ్చుకుపోవు. ఇక్కడ రాయిని నమ్మినట్టు మనిషిని కూడా నమ్మరు. అందుకే ఓబుళేసు ఇంటికి వచ్చి వదిన కాళ్ళ దగ్గర కూలబడినప్పుడు ఏడవలేదు, చోటు చెప్పాడు. రోడ్డుకు ఎగువన, మోరీ పక్కన, సముద్రం కనపడే మలుపులో రాళ్ళ కుప్ప పెట్టి వచ్చాననీ, ఎప్పుడు పోయినా కనపడుతుందనీ చెప్పాడు. పెద్దల అమావాస్య వచ్చినప్పుడల్లా వదిన అడిగేది, అతను అదే మాట చెప్పేవాడు. తొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా అక్కడికి మళ్ళీ వెళ్ళలేదు. బండి అన్నాడు, కరోనా అన్నాడు, కరువు అన్నాడు. అసలు సంగతి, ఆ గుట్టను మళ్ళీ చూడాలంటే అతనికి భయం.

ఇప్పుడు వెళ్ళక తప్పని పని పడింది. అన్న కూతురు లహరికి పెళ్ళి కుదిరింది. తండ్రి పోయేనాటికి ఆరో తరగతిలో ఉన్న పిల్ల, నర్సు చదువు చదివి ఉద్యోగం తెచ్చుకుంది. కణేకల్ తట్టు పిల్లవాడు, శ్రావణంలో ముహూర్తం. వాళ్ళ ఇళ్ళలో పెళ్ళికి ముందు చనిపోయిన పెద్దలను కూడా పిలుస్తారు. ఒక్కొక్కరి సమాధి దగ్గరికీ వెళ్ళి, పసుపు కుంకుమలు పెట్టి, తాంబూలం ఉంచి, బతికున్న మనిషిని పిలిచినట్టే ఫలానా రోజు పెళ్ళి, మీరు రావాలి అని పిలుస్తారు. ఒక పిడికెడు మట్టి తెచ్చి గుడ్డలో కట్టి, పందిరికి ముందు నాటే పాలకొమ్మకు కడతారు. ఆ తరవాతే పందిరి లేస్తుంది. అత్తమామలను, తాతలను అందరినీ నారాయణమ్మ పిలిచి వచ్చింది. మిగిలింది పిల్ల తండ్రి ఒక్కడే.

అంత దూరంలో పోయినవాణ్ణి ఏం పిలుస్తాం, ఇంటి దగ్గరే ఒక రాయికి కుంకుమ పెట్టి పిలుద్దామని కులపెద్దలు అన్నారు. నారాయణమ్మ వినలేదు. ప్రయాణం సంగతి తెలియగానే కొత్త టవల్లో పసుపు, కుంకుమ, వక్కాకు, టెంకాయ, లహరి పెళ్ళి పత్రిక మూట కట్టి మరిది చేతిలో పెట్టింది.

"పిలవని పెండ్లికి మీ అన్న ఎప్పుడన్నా పోయినాడా? కన్నబిడ్డ పెండ్లయినా రాడు. నువ్వు పోయి ఎదురుగ్గా నిలబడి పిలువు. మట్టి తీసకరా. మట్టి వచ్చినంకనే పందిరి. రాకుంటే పందిరి లేదు, పెండ్లీ లేదు" అంది.

నారాయణమ్మ మాట కోసం మాట అనే మనిషి కాదని ఓబుళేసుకు బాగా తెలుసు. మూటను డ్రైవర్ సీటు వెనక, ఎవరి కాలూ తగలని చోట పెట్టుకున్నాడు.

చీకటితోనే బయలుదేరారు. సంఘం బ్యాగుల్లో కళ్ళద్దాలున్నాయి, రంగురంగుల చొక్కాలున్నాయి, ఒకడి దగ్గర డప్పు కూడా ఉంది. బండి వెనక పెద్ద పెద్ద నీళ్ళ క్యాన్లు ఎక్కించారు. నీళ్ళు లేకుండా గడప దాటడం వాళ్ళకు చేతకాదు, నీళ్ళు చూడటానికి పోతున్నా సరే. గొడుగు తెచ్చుకోవాలన్న ఆలోచన మాత్రం ఆరుగురిలో ఒక్కడికీ రాలేదు. చెళ్ళకెర, చిత్రదుర్గం దాటేదాకా దారి వాళ్ళ ఊరి దారిలాగే ఉంది. శివమొగ్గ దాటాక నేల రంగు మారింది. సాగర చేరకముందే వాన పట్టుకుంది. తేజ కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి చాలాసేపు అలాగే ఉన్నాడు. ఇంతసేపు ఆగకుండా పడే వానను తను ఎప్పుడూ చూడలేదని తరవాత చెప్పాడు. చూడలేదు మరి, ఎక్కడ చూస్తాడు?

ఆ రాత్రి సాగరలో పడుకుని, తెల్లారి ఘాట్ దిగారు. హొన్నావర దగ్గర హైవే ఎక్కి దక్షిణానికి తిరిగారు. కాసేపటికి కొబ్బరిచెట్ల సందులో సముద్రం కనపడింది. బండిలో ఒక్కసారిగా అరుపులు, డప్పు, ఫోన్లు. బూడిద రంగులో పొంగుతున్న ఆ నీళ్ళను చూస్తూ ఒకడు, దీన్ని పైపులేసి మన తట్టుకు మళ్ళించేదానికి ఎవరికీ బుద్ధి పుట్టలేదా అని అడిగాడు. ఉప్పునీళ్ళతో శనక్కాయ పండదురా అని అభిలాష్ తిట్టాడు. ఓబుళేసు ఇదేమీ వినడం లేదు. బండి కుదుపు లేకుండా పోతుంటే అతనికి చక్రాల కింద కంకర గుర్తొస్తోంది. ఇంత నున్నటి రోడ్డు వేశామా మనం అనుకున్నాడు. అన్న దీని మీద ఒక్కసారైనా బండిలో పోలేదే అనుకున్నాడు.

గుట్టలు కోసిన చోటు రాగానే వేగం తగ్గించాడు. మోరీ వచ్చింది, మలుపు వచ్చింది, సముద్రం కనపడింది. తల తిప్పి ఎగువకు చూశాడు. రాళ్ళ కుప్ప లేదు. ఇది కాదేమోలే అనుకుని ముందుకు పోయాడు. ఇంకో మోరీ, ఇంకో మలుపు, అదే సముద్రం. ఆ తరవాత మూడోది కూడా అలాగే ఉంది. అన్నిటికీ ఒకే రకం సిమెంటు, ఒకే రకం తెల్ల సున్నం. భట్కళ దాకా పోయి బండి వెనక్కి తిప్పాడు. హొన్నావర తట్టు పోయి మళ్ళీ తిప్పాడు. డప్పు ఆగిపోయింది. దావ తప్పినావా అన్నా అని అభిలాష్ అడిగాడు. చివరికి మొదటి మోరీ దగ్గరే బండి ఆపి, మూట చంకలో పెట్టుకుని, వానలో గుట్ట ఎక్కాడు.

ఎక్కాడు అనడం కూడా తప్పే, చెట్లలో దూరాడు. ఛాతీ ఎత్తు గడ్డి, దాని మీద ముళ్ళతీగలు, ఆ తీగల్లోంచి లేచిన చెట్లు. ఓబుళేసు తీగలను చేతుల్తో చీలుస్తూ వాలు పొడుగునా తిరిగాడు. రాళ్ళు లేక కాదు, అడుగడుగునా రాళ్ళే. అన్నిటికీ నాచు పట్టింది, అన్నిటి మీదా ఏదో ఒకటి మొలిచింది. ఏది అన్న మీద పెట్టిందో, ఏది కొండదో ఎట్లా తెలుస్తుంది? పొడుగు రాయి కోసం మోకాళ్ళ మీద పాకాడు. మోచేతులు గీసుకుపోయాయి. మూట మాత్రం తడవకుండా చొక్కా లోపల పెట్టుకున్నాడు.

కుర్రాళ్ళు వెతుక్కుంటూ పైకి వచ్చారు. బండిలో ఉన్న యూరియా సంచులు మడిచి తలల మీద వేసుకున్నారు. మరవంతెకు పొద్దు పోతుందన్న విసుగు వాళ్ళ మొహాల్లో కనిపిస్తూనే ఉంది. ఏం పోగొట్టుకున్నావన్నా అని తేజ అడిగాడు. ఓబుళేసు గడ్డిలో కూర్చుని, ఉన్నదున్నట్టు చెప్పాడు. లహరి వాళ్ళకు అక్క వరస. రేపు ఆ పందిరి గుంజలు మోయవలసింది వాళ్ళే. తేజ ఫోన్‌ను ప్లాస్టిక్ కవర్లో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. అభిలాష్ వాళ్ళను వరసగా నిలబెట్టి, కలుపు తీసేవాళ్ళు సాలు పట్టినట్టు వాలంతా పట్టించాడు. సమాధి నేల కొంచెం కుంగి, మెత్తగా ఉంటుందని గుంతలు తవ్విన వాళ్ళకు తెలుసు. కానీ ఆ గుట్ట మీద కుంగని చోటు లేదు, మెత్తగా లేని చోటు లేదు. మూడు మోరీల ఎగువనా వెతికారు. కాళ్ళకు జలగలు పట్టాయి. ఉప్పు లేక బీడీ నిప్పుతో రాల్చుకున్నారు.

గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని దిగుతున్న ఒక ముసలాయన వీళ్ళను చూసి ఆగాడు. ఓబుళేసు కన్నడంలో సంగతి చెప్పాడు. ముసలాయన మోపు దించి, ఓపిగ్గా విన్నాడు. తొమ్మిదేళ్ళలో ఈ గుట్టలు ఎన్నిసార్లు జారాయో తమకే లెక్క లేదన్నాడు. రాళ్ళు గుర్తు పెట్టావా అని రెండోసారి అడిగాడు, తను సరిగ్గా విన్నాడో లేదో అన్నట్టు. ఈ వైపు రాయి పెడితే ఒక్క వానాకాలానికే కనపడదనీ, గుర్తు కావాలంటే చెట్టు నాటుతారనీ చెప్పాడు. ఎగతాళి చేయలేదు. మీ ఊళ్ళో వాన రాదా అని మాత్రం అడిగి, జవాబు కోసం ఆగకుండా మోపు ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

ఓబుళేసు అక్కడే నిలబడిపోయాడు. తొమ్మిదేళ్ళు వదినకు తను ధైర్యంగా చెప్పిన మాట ఇంతేనా? ఎండలో పుట్టిన బుద్ధితో ఈ వానలో రాళ్ళు పేర్చి వెళ్ళాడు. ఒక చెట్టు నాటి ఉంటే ఈపాటికి ఆకాశమంత ఎదిగి ఉండేది.

అభిలాష్ దగ్గరికి వచ్చి, నెమ్మదిగా నచ్చజెప్పాడు. ఈ మూడింటిలో ఏదో ఒక చోట ఉన్నాడు కదా, ఇదంతా ఒకే గుట్ట, ఇక్కడే కుంకుమ పెట్టి పిలిచి, ఇంత మట్టి కట్టుకుందాం, పెద్దమ్మకు చెప్పేవాళ్ళు ఎవరూ లేరు అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. ఓబుళేసు కూడా ఒక క్షణం వంగి మట్టి మీద చెయ్యి పెట్టాడు. వదిన దాన్ని కళ్ళకద్దుకుంటుంది, పాలకొమ్మకు కడుతుంది, పెళ్ళి జరిగిపోతుంది. కానీ ఏ పొదకో బొట్టు పెట్టి పిలవడం, ఆటో డ్రైవరు చేత పత్రిక పంపడం కంటే గొప్పదేమీ కాదు. అన్న రాడు. ఎవరికి తెలిసినా తెలియకపోయినా, పిల్ల తండ్రి లేని పందిరి కింద తను నిలబడాలి. చెయ్యి తుడుచుకుని, ఫోన్ తీసి వదినకు చేశాడు.

"కనపడలేదు వదినా" అన్నాడు. అంతకంటే మెత్తగా చెప్పడం అతనికి రాలేదు.

"రాళ్ళు పెట్టినానంటివే."

"పెట్టినా. ఈడ రాళ్ళు నిలవవంట. చెట్లు మింగేసినాయి. అంతా తిరిగినాం, పిల్లోళ్ళు గూడా తిరిగినారు. తప్పు నాదే వదినా."

తిడుతుందని ఎదురుచూశాడు. ఏడుస్తుందేమోనని భయపడ్డాడు.

"ఆ సప్పుడు వానదేనా?" అని అడిగింది.

"వానే. నిన్నట్నుంచి నిలవలేదు."

"చెట్లంటే ఏం చెట్లప్పా?"

"పేర్లు తెలీదు వదినా. కాలు పెట్టే సందు లేదు. యాడ చూసినా పచ్చగా ఉండాది."

"ఈడ నిన్న గూడా మబ్బొచ్చి పాయె" అంది నారాయణమ్మ. "అయితే మీ అన్న బాగానే ఉండాడు."

ఓబుళేసు ఫోన్ చెవికి నొక్కి పెట్టుకుని నిలబడ్డాడు.

"మట్టి తేవొద్దు. ఆయప్పను ఆడనే ఉండనీ. ఈడికి తెచ్చి ఈ ఎండలో ఏం చేస్తాం."

"మరి పాలకొమ్మకు ఏం కడతావు వదినా?"

"మనిషే వస్తే మట్టెందుకు? నేను పిలస్తా. స్పీకర్ పెట్టి గుట్ట తట్టు తిప్పు."

తేజ తన తల మీది సంచి తీసి ఫోన్‌కు అడ్డం పట్టాడు. ఓబుళేసు మూట విప్పి, ఒక పెద్ద ఆకు మీద పసుపు కుంకుమలు, వక్కాకు, టెంకాయ, పత్రిక పెట్టాడు. ఫోన్ ఉన్న చెయ్యి చెట్ల వైపు చాచాడు. కుర్రాళ్ళు చుట్టూ నిలబడ్డారు.

వాళ్ళలో భార్య భర్త పేరు పలకదు. నారాయణమ్మ ఏ నాడూ పలకలేదు. మీ అన్న అంటుంది, లహరి వాళ్ళ నాయన అంటుంది. రేషను కార్డు దగ్గర పేరు అడిగితే పిల్ల చేత చెప్పించింది. ఆయన పోయాక కూడా ఆ నోటి నుంచి ఆ పేరు ఎవరూ వినలేదు. ఎదురుగా సమాధి ఉంటే పేరుతో పని లేదు, ముందు నిలబడి రమ్మంటే చాలు. ఎక్కడ ఉన్నాడో తెలియని మనిషిని పేరు లేకుండా ఎట్లా పిలుస్తారు?

ఫోన్లో ఆమె గొంతు సవరించుకోవడం వినపడింది.

"వెంకటరాముడూ" అంది. గొంతు పూర్తిగా పెగల్లేదు. మళ్ళీ, పొలానికి అవతల ఉన్నవాణ్ణి కేకేసినట్టు పిలిచింది. "ఓ వెంకటరాముడూ, నేను నారాయణమ్మను. మన లహరికి పెండ్లి. కణేకల్ సంబంధం, పిల్లోడు నెమ్మదస్తుడు. శ్రావణంలో పెండ్లి. నా నోటితో నేనే పిలస్తాండా, ఇంగ పిలవలేదనొద్దు. దావ నువ్వేసిందే కదా, ఆ దావ పట్టుకోని వచ్చేయ్."

వాన పడుతూనే ఉంది. కింద రోడ్డు మీద ఒక లారీ నీళ్ళు చిమ్ముకుంటూ పోయింది. అన్న తూరుపుకు, ఊరి వైపుకు తిరగవలసిన దారి ఏ ఊరి దగ్గర వస్తుందో ఓబుళేసు మనసులో వద్దన్నా మెదిలింది.

"ఇన్యాడంటావా ఓబుళేసూ?" అని వదిన అడిగింది. ఇప్పుడు ఆమె గొంతు చాలా చిన్నగా ఉంది.

"ఇన్యాడు వదినా" అన్నాడు ఓబుళేసు. "పిలిచినావు కదా, వస్తాడు."

ఆ మాట అన్నాక అతను తడి గడ్డిలో కూర్చుని ఏడ్చాడు. తొమ్మిదేళ్ళ కింద ఇదే గుట్ట మీద రాళ్ళు మోస్తూ ఏడవనిదంతా ఏడ్చాడు. కుర్రాళ్ళు సంచులు చేతుల్లో పట్టుకుని, తలలు తడుపుకుంటూ, అతను లేచేదాకా పక్కనే నిలబడ్డారు.